కొండరెడ్ల క్రొత్తల పండుగ

ఫాల్గుణ శుద్ధైకాదశినాఁడు కోరుకొండలో శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి కల్యాణము జరుగును. గోదావరిసీమ స్త్రీలెందఱో 600కు పైఁబడిన మెట్లెక్కి స్వామిని సేవింతురు. పరాశరమహర్షి తపస్సు చేసిన తావని యా కొండకే మ్రొక్కుదురు.

ఆ కొండ దాఁటి, గోకవరము మీఁదుగా రంపచోడవరము దారిని సాగినచోఁ గొండరెడ్ల పల్లెలు కనఁబడును. వారికిని గొండలు దేవతలే. వారు భూదేవి పండుగ చేసికొందురు. క్రొత్త మామిడికాయను దేవతకు నివేదింపక నోటఁ బెట్టరు. దానినే మామిడికొత్త యందురు. సోదరీమణులారా! ఉగాదినాఁడు మన మామిడికాయ, వేపపూవు కలిపిన పచ్చడిని దేవునికిఁ జూపకయే పిల్లలకుఁ బెట్టుదుమా? సంక్రాంతికిఁ గ్రొత్తబియ్యపుఁ బొంగలి మాట యేమి? భూమి యిచ్చినదానిని ముందుగా దైవమునకర్పించి, పిదప భుజించుటయే రెండింటి భావము.

అట్లుండఁగా నొకటి మతమనియు, రెండవది మూఢత్వమనియు నెవరు నిర్ణయించిరి? 1871లో టైలరను నాంగ్లపండితుఁడు తన గ్రంథమున ‘ఆనిమిజము’ అను మాటకుఁ బ్రచారము గల్పించి, యిట్టి నమ్మకములను మానవుని తొలిమెట్టుగాను, నాగరకుల మతములను బైమెట్టుగాను జూపెను. పిమ్మట 1901, 1911, 1921 సంవత్సరముల జనాభా లెక్కలలోఁ గొండజాతులఁ బెక్కింటిని దొరతన మా పేరుగల గడిలోనే వ్రాసెను. వారి దేవతల పేర్లకుఁ జోటులేదయ్యెను.

పేరు పోయినచోట హక్కును నిలువలేదు. పండుగలకును విందులకును గావలసిన కల్లుమీఁదఁ జిగురుపన్ను పడెను. 1879లో రంపపితూరి రేగుటకుఁ గల కారణములలో నిది యొకటి. 1882నాఁటి మద్రాసు అటవీచట్టముతోఁ బోడు సేద్యమునకు నిర్బంధములు కలిగెను. విత్తు చల్లు నేలయే పరాధీనమైనప్పుడు భూదేవి పండుగ యెక్కడ చేయుదురు?

2006లో మన పార్లమెంటు చేసిన అటవీహక్కుల చట్టము వారి నేలను, ఆచారసిద్ధములైన హక్కులను గుర్తించినది. మాటలో గౌరవ మిచ్చుట మాత్రము చట్టముచేఁ గాదు. అది మన యిండ్లలో జరుగవలెను. వారి దేవతకు మన దేవత పేరు తగిలించి గౌరవించితి మనుకొనుటయుఁ దగదు. ఆమెకు వారు పెట్టుకొన్న పేరు చాలును. పిల్లలకుఁ గోరుకొండ కథ చెప్పునపుడు, ఆ వెనుక కొండలలో మామిడికొత్త చేయు తల్లుల కథయుఁ జెప్పుదము. ‘అనాగరికులు’ అను మాట వారి నోట రాకుండఁ జూతము.