రెజ్యూమేలో ఖాళీ

అమెరికాలో ఒకావిడ ఆన్‌లైన్ ట్యూటర్ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే కుదరదన్నారు. పుట్టిన తేదీ ఒక్కటే మార్చి, అదే దరఖాస్తు మళ్ళీ పంపింది. ఈసారి ఇంటర్వ్యూకి పిలిచారు. ఆ కంపెనీ ఐట్యూటర్‌గ్రూప్. 55 ఏళ్ళు, ఆపైబడిన ఆడవాళ్ళనీ, 60 ఏళ్ళు, ఆపైబడిన మగవాళ్ళనీ సాఫ్ట్‌వేరే తిప్పి పంపేలా అమర్చుకున్నారని ప్రభుత్వ సంస్థ ఈఈఓసీ కేసు పెట్టింది. 2023లో 3,65,000 డాలర్లకు రాజీ కుదిరింది.

ఉద్యోగాల్లో కృత్రిమ మేధ అనగానే ఈ కేసు గురించి చెబుతారు గానీ, ఇందులో మేధ ఏముంది? ఎవరో మనిషి పెట్టిన రెండు షరతులు. పెట్టినవి కనక దొరికాయి.

అమెజాన్ సంగతి వేరు. 2014లో మొదలుపెట్టి, పదేళ్ళుగా తమకొచ్చిన రెజ్యూమేలతో ఒక ప్రోగ్రామ్‌కి తర్ఫీదిచ్చారు. వాటిలో ఎక్కువ మగవాళ్ళవే. మహిళల చెస్ క్లబ్ లాంటి మాట కనబడితే మార్కులు తగ్గించడం అది తనంతట తనే నేర్చుకుంది. సరిదిద్దినా ఇంకో దారిలో అదే పని చేయదన్న భరోసా లేకపోయింది. చివరికి మానుకున్నారు. 2018లో రాయిటర్స్ రాసేదాకా బయటివాళ్ళకి తెలియదు.

ఇవి చదువుతుంటే నాకు మన ఆడవాళ్ళే గుర్తొస్తారు. హెచ్4 వీసా మీద వచ్చిన ఇంజనీర్లకి 2015 దాకా పనిచేసే అనుమతే లేదు. ఆ తరవాతైనా, భర్త గ్రీన్‌కార్డ్ ఒక దశ దాటితేనే. రెజ్యూమేలో ఏళ్ళకేళ్ళు ఖాళీ. ఆర్నెల్లకు మించి ఖాళీ ఉన్నవాళ్ళని చాలా కంపెనీల సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టేస్తోందని 2021లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ నివేదిక చెప్పింది. ఎదురుగా మనిషి ఉంటే "వీసా వల్లనండీ, ఇష్టమై మానలేదు" అని ఒక్క ముక్క చెప్పుకోవచ్చు. ఆ ముక్క చెప్పుకునే గదిదాకా వెళ్ళనిస్తే కదా! ఆ ట్యూటరమ్మలా ఒక్క తేదీ మార్చి పరీక్షించే వీలూ లేదు, చేయని ఉద్యోగాలు చేసినట్టు రాస్తే తప్ప. అలా రాసేవాళ్ళు మనలో లేరని కాదు. వాళ్ళు జల్లెడ దాటిపోతారు, నిజం రాసినావిడ ఆగిపోతుంది.

న్యూయార్క్ నగరంలో 2023 జులై నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ని ఏటా బయటివాళ్ళ చేత తనిఖీ చేయించాలి, అభ్యర్థులకి ముందే చెప్పాలి. ఆ తనిఖీలో లెక్కించేది ఆడ-మగ తేడా, జాతి. వయసు లేదు, ఉద్యోగంలో విరామమూ లేదు. వేరే పద్ధతిలో పరిశీలించమని ఎలా అడగాలో కంపెనీ తెలియజేయాలి. అడిగితే ఒప్పుకుని తీరాలని మాత్రం అందులో ఎక్కడా లేదు.