ఆ 72 గంటల సంగతి తెలిసుంటే!

ఆళ్లగడ్డలో పుట్టి, నంద్యాలలో చదివి, ఎచ్‌ఐవీ నివారణ మీద పరిశోధన చేస్తున్న ఓ కుర్రాడి అనుభవం ఇది.

సోమవారం సాయంత్రం. నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు కోసం చూస్తున్నా. ఇంటర్‌లో నా పక్కన కూర్చున్నవాడు ఫోన్ చేశాడు. ‘మామా, ఒక మాట చెప్పాల. ఎవరికీ చెప్పొద్దు రా’ అన్నాడు. శనివారం రాత్రి ఓ స్నేహితుడితో గడిపాడట. కండోమ్ వాడలేదు. ఆ స్నేహితుడు అబ్బాయి అని చెప్పడానికే వాడికి పది నిమిషాలు పట్టింది.

నేనప్పుడు డిగ్రీలో ఉన్నా. ‘ఏం కాదులే రా’ అన్నా. ధైర్యం చెప్పాననుకున్నా.

కొన్ని నెలలకు వాడు పరీక్ష చేయించుకున్నాడు. ఆళ్లగడ్డలో అందరూ తెలిసినవాళ్లే. నంద్యాలలో మేనమామ ఉంటాడు. అందుకే కర్నూలు దాకా పోయాడు. పాజిటివ్ వచ్చింది.

ఇంకా టైముంది, తెలియలేదంతే!

తర్వాత పబ్లిక్ హెల్త్ చదివేటప్పుడు ఓ పాఠం దగ్గర ఆగిపోయా. ఎచ్‌ఐవీ సోకే ప్రమాదం జరిగితే 72 గంటల్లోపు డాక్టరు సలహాతో ‘పెప్’ మందులు మొదలుపెట్టొచ్చు. 28 రోజులు వాడాలి. ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. శనివారం రాత్రి నుంచి సోమవారం సాయంత్రానికి రెండు రోజులు కూడా కాలేదు. వాడికి ఇంకా ఒక రోజుకు పైగా టైముంది. నేను ‘ఏం కాదులే’ అన్నది ఆ టైములోనే.

ముందే జాగ్రత్తపడేవాళ్లకు ‘ప్రెప్’ ఉంది. ఎచ్‌ఐవీ లేని వాళ్లు, రాకుండా వేసుకునే మాత్ర ఇది. డాక్టరు ముందు ఎచ్‌ఐవీ, కిడ్నీ పరీక్షలు చేయించి రాస్తారు. తర్వాత కూడా మూడు నెలలకోసారి పరీక్ష తప్పదు. మిగతా సుఖవ్యాధుల్ని ఇది ఆపదు కాబట్టి కండోమ్ మానకూడదు. ఈ తరహా మందుల్ని ప్రపంచానికి పంపుతున్న పెద్ద కంపెనీల్లో కొన్ని మన హైదరాబాద్‌వే. మందు మన దగ్గరే ఉంది, మాటే చేరలేదు.

పెళ్లయిందా?

2021 అంచనాల్లో దేశంలో పెద్దవాళ్లలో ఎచ్‌ఐవీ 0.21 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. అంటే మూడు రెట్లు. మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్లలో, ట్రాన్స్‌జెండర్లలో ఇంకా ఎక్కువ. వాళ్ల దగ్గరికి వెళ్తే మొదట అడ్డొచ్చింది మా ప్రశ్నలే!

‘పెళ్లయిందా?’ అని అడిగేవాళ్లం. అయిందంటే రిస్కు లేదనుకుని ముందుకెళ్లేవాళ్లం. ఇంట్లోవాళ్ల బలవంతంతో పెళ్లి చేసుకున్నవాళ్లు ఆ ఒక్క ప్రశ్నతోనే జారిపోయేవాళ్లు. వాళ్లతోపాటు వాళ్ల భార్యలూ. పైగా తెలుగులో వీళ్లను పిలవడానికి జనం వాడే మాటల్లో సగం తిట్లే. ఆ మాటతో అడిగితే ఎవరు నోరు విప్పుతారు? ఇప్పుడు అందరినీ ఒకేలా అడుగుతా: ‘ఈ ఆరు నెలల్లో ఎవరితో కలిశారు? ఆడవాళ్లా, మగవాళ్లా, ట్రాన్స్‌జెండర్లా?’ గొంతు మారకూడదు, కనుబొమ్మ లేవకూడదు. అంతే, చెప్తారు.

హైదరాబాద్ నారాయణగూడలో 2021 జనవరిలో మొదలైన మిత్ర్ క్లినిక్ చేసిందీ ఇదే. ట్రాన్స్‌జెండర్ల కోసం, ట్రాన్స్‌జెండర్లే ముందుండి నడిపారు. జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ ప్రాజెక్టు అది, డబ్బు అమెరికా ప్రభుత్వానిది. 2025లో ఆ నిధులు ఆగితే మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో ‘సబ్‌రంగ్’ పేరుతో మళ్లీ తెరుచుకుంది. మంచిదే. కానీ మా ఊరి నుంచి అక్కడికి రాత్రంతా బస్సు ప్రయాణం. ఆ మర్యాద ఊళ్లోని ఆసుపత్రిలోనే దొరకాలి కదా!

చట్టం మన వైపే

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్‌పై తీర్పిచ్చింది. ఇష్టపడ్డ ఇద్దరు పెద్దవాళ్ల బంధం నేరం కాదంది. నాలుగు రోజులకే, సెప్టెంబరు 10న, ఎచ్‌ఐవీ చట్టం అమల్లోకొచ్చింది. మీరు ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, మీ రిపోర్టు బయటపెట్టకూడదు, ఎచ్‌ఐవీ ఉందని ఉద్యోగంలోంచి తీసేయకూడదు. ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష, కౌన్సెలింగ్ ఉచితం. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి, టోల్ ఫ్రీ.

పాజిటివ్ వస్తే జీవితం అయిపోయినట్టు కాదు. యూరప్‌లో 782 గే జంటల్ని పరిశీలించిన అధ్యయనం 2019లో లాన్సెట్‌లో వచ్చింది. ఆ జంటల్లో ఒకరికి ఎచ్‌ఐవీ ఉంది, మందులతో వైరస్ పూర్తిగా అదుపులో ఉంది. కండోమ్ లేకున్నా, వాళ్ల నుంచి భాగస్వామికి సోకిన కేసు ఒక్కటీ లేదు.

మావాడు రోజూ మాత్ర వేసుకుంటాడు. ఉద్యోగం చేస్తున్నాడు. వైరస్ ఇప్పుడు పరీక్షకు దొరకనంత తక్కువ. వాడినడిగే ఇదంతా రాస్తున్నా. పేరు మాత్రం వద్దన్నాడు. ‘ఆ 72 గంటల సంగతి పెద్దక్షరాల్లో రాయి మామా’ అన్నాడు.