మూత్ర వ్యవస్థ: నిర్మాణం, పని, సంరక్షణ

పనిచేసే చోట మరుగుదొడ్డి లేదని, ఉన్నా శుభ్రంగా లేదని రోజంతా నీరు తాగకుండా గడిపేవారు మన నగరాలలో ఎందరో ఉన్నారు. భవన నిర్మాణ కార్మికులు, వీధి వ్యాపారులు, ఆటో డ్రైవర్లు, వీరిలో ముఖ్యంగా స్త్రీలు, ఈ అలవాటుకు లోనవుతారు. ఇందువల్ల కలిగే హాని గ్రహించాలంటే మూత్ర వ్యవస్థ పనితీరును తెలుసుకోవాలి.

ఈ వ్యవస్థలో రెండు మూత్రపిండాలు, రెండు మూత్రనాళాలు, మూత్రాశయం, ప్రసేకం ఉంటాయి. మూత్రపిండాలు చిక్కుడు గింజ ఆకారంలో వెన్నెముకకు ఇరువైపులా, ఉదరకుహరం వెనుక గోడకు ఆనుకొని ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 10 నుండి 12 సెంటీమీటర్ల పొడవు, దాదాపు 150 గ్రాముల బరువు ఉంటుంది. పైన కాలేయం ఉన్నందువల్ల కుడి మూత్రపిండం ఎడమదానికంటే కొంచెం దిగువన ఉంటుంది.

ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో ఉండే రక్తకేశనాళికల గుచ్ఛం రక్తాన్ని వడపోస్తుంది. ఇలా రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వడపోతకు గురవుతుంది. అందులో దాదాపు 99 శాతం నీటిని, గ్లూకోజును, అవసరమైన లవణాలను సూక్ష్మనాళికలు తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. మిగిలిన నీరు యూరియా, క్రియాటినిన్ వంటి వ్యర్థాలతో కలిసి మూత్రంగా బయటికి పోతుంది. రక్తపోటును క్రమబద్ధం చేయడం, ఎర్ర రక్తకణాల ఉత్పత్తిని ప్రేరేపించే హార్మోనును తయారు చేయడం కూడా మూత్రపిండాల పనులే.

మూత్రనాళాల ద్వారా దిగిన మూత్రం మూత్రాశయంలో నిలువ ఉంటుంది. పెద్దవారిలో దాని సామర్థ్యం సుమారు 400 నుండి 500 మిల్లీలీటర్లు. అక్కడినుండి ప్రసేకం ద్వారా వెలుపలికి పోతుంది. పురుషులలో ప్రసేకం సుమారు 20 సెంటీమీటర్లు, స్త్రీలలో కేవలం 4 సెంటీమీటర్లు. అందువల్లనే స్త్రీలలో సూక్ష్మజీవులు సులభంగా మూత్రాశయాన్ని చేరుతాయి.

శరీరంలో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచుతాయి. మూత్రం చిక్కబడి ముదురు పసుపురంగుకు మారుతుంది. అందులోని లవణాలు స్ఫటికాలై రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. మూత్రాన్ని ఎక్కువసేపు బిగబట్టే అలవాటు అంటురోగాలకు దారితీయవచ్చు.

మధుమేహం, అధిక రక్తపోటు మూత్రపిండాలకు ప్రధాన శత్రువులు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఈ రెండూ లేనివారిలో కూడా మూత్రపిండాల వ్యాధి విస్తారంగా కనిపించింది. దాని మూలకారణం ఇంకా నిర్ధారణ కాలేదు. ఆ ప్రాంతంనుండి వచ్చి నగరాలలో స్థిరపడినవారు పరీక్షలను వాయిదా వేయరాదు. ఈ వ్యాధి తొలిదశలో నొప్పి, బాధ ఏవీ ఉండవు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలే దానిని ముందుగా పట్టిస్తాయి.

వైద్యుని భాష వేరని సంకోచించనవసరం లేదు. కన్నడంలోను, మరాఠీలోను దీని పేరు ‘మూత్రపిండ’మే; తమిళంలో ‘సిఱునీరగం’. కిడ్నీ అన్న మాట అంతటా తెలిసినదే. కాళ్లవాపు, ముఖం ఉబ్బడం, మూత్రంలో రక్తం లేదా విడవని నురగ, మంట కనిపిస్తే వెంటనే పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. ఒళ్లునొప్పులకు సొంతంగా మాత్రలు వాడే అలవాటు మానాలి. మూత్రం లేత పసుపురంగులో ఉండేంతగా నీరు తాగాలి. గుండె, మూత్రపిండాల రోగులు మాత్రం వైద్యుడు చెప్పిన మేరకే తాగాలి. పనిస్థలంలో శుభ్రమైన మరుగుదొడ్డిని అడగడం సిగ్గుపడవలసిన విషయం కాదు. అది ఆరోగ్య రక్షణలో భాగం.