కూలినా... మళ్లీ ఎగిరింది!

ఎనిమిది కిలోల బుల్లి ఉపగ్రహం. అందులో 75 పరికరాలు. వాటికి ప్రోగ్రాములు రాసింది ఇంజినీర్లనుకుంటున్నారా? కాదు, 75 ప్రభుత్వ బడుల్లోని 750 మంది అమ్మాయిలు! సిలబస్‌లో లేని ఈ పని వాళ్లచేత చేయించింది చెన్నైలోని స్పేస్‌ కిడ్జ్‌ ఇండియా. పేరు ఆజాదీశాట్‌.

2022 ఆగస్టు 7న శ్రీహరికోటలో ఎస్‌ఎస్‌ఎల్‌వీ నింగికెగిరింది. గ్యాలరీలో అమ్మాయిల కేరింతలు! ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా తిరగాల్సిన ఉపగ్రహం, ఒకవైపు 76 కిలోమీటర్లకు దిగిపోయే కక్ష్యలో పడింది. అంత కిందన గాలి రాపిడికి ఏదీ నిలవదు. పుస్తకంలో కక్ష్య అంటే ఓ బొమ్మ. ఆ పిల్లలకు మాత్రం అది తమ కష్టం కరిగిపోయిన చోటు.

రాకెట్‌ రెండో దశ విడిపోయేటప్పటి కుదుపులకు సెన్సర్లు తికమకపడ్డాయని ఇస్రో తేల్చింది. సరిదిద్దింది. 2023 ఫిబ్రవరి 10న ఆజాదీశాట్‌-2 ఎస్‌ఎస్‌ఎల్‌వీ మీదే వెళ్లి 450 కిలోమీటర్ల కక్ష్యలో కుదురుకుంది.