మీకు తెలుసా? గుడివాడ వేదిక నుంచి ‘డ్రీమ్’ దాకా

కృష్ణా డెల్టా నడుమ ఉన్న గుడివాడలో 1978 నాటి త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొమ్మిదేళ్ల వయసున మాండొలిన్‌పై తొలి కచేరీ చేసిన పాలకొల్లు బాలుడు ఉప్పలపు శ్రీనివాస్, 1995లో కెనడా గిటారు కళాకారుడు మైఖేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ అనే ఆల్బమ్‌ను వెలువరించారు. పీటర్ గేబ్రియల్ స్థాపించిన రియల్ వరల్డ్ రికార్డ్స్ దానిని విడుదల చేసింది.

బ్రూక్‌ది యాంబియంట్ సంగీతం. అంటే పల్లవి, చరణాల నిర్మాణం కంటే నాదం చుట్టూ అలముకొనే వాతావరణానికే పెద్దపీట వేసే పద్ధతి. ఆ పేరును సంగీతకారుడు బ్రయాన్ ఈనో తన ఆల్బమ్‌తో స్థిరపరచినదీ 1978లోనే, గుడివాడ కచేరీ జరిగిన ఏడాదే కావడం యాదృచ్ఛికం.

మాండొలిన్ తీగను మీటిన వెంటనే నాదం సన్నగిల్లుతుంది గనుక, స్వరాన్ని ఊపుతూ సాగదీసే గమకాలు దానిపై పలకడం కష్టం. అందుకే శ్రీనివాస్ నాలుగు జంటలుగా ఎనిమిది తీగలుండే వాద్యాన్ని విడిచి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను చేపట్టారు. బ్రూక్ రూపొందించిన ‘ఇన్ఫినిట్ గిటార్’లోనైతే, తీగ కంపనాన్ని ఎలక్ట్రానిక్ పరికరం మళ్లీ ఆ తీగకే అందించడం వల్ల నాదం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. తూర్పు పడమరల మేళనం అన్న అరిగిపోయిన మాట కంటే, నాదాన్ని నిలబెట్టడానికి వేర్వేరు దారులు వెదికిన ఇద్దరి సమాగమం అనడమే ఈ ఆల్బమ్‌కు తగిన వర్ణన.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, 45 ఏళ్ల వయసులో కన్నుమూశారు.