కోత గంటన్నర... కొలత జీవితాంతం

బరువు తగ్గించే ఆపరేషన్ గురించి ఆలోచిస్తున్నవారి కోసం, వారికి వండిపెట్టే ఇంటివారి కోసం కూడా...

మొన్న మాఘమాసంలో ఓ పెళ్లి. రెండో బంతి. అరిటాకులోకి పులిహోర, పూర్ణాలు, ముద్దపప్పు, పనసపొట్టు కూర వరసగా వచ్చిపడుతున్నాయి. నా పక్కన కూర్చున్న మా వదిన మాత్రం ఆకు మీద చెయ్యి అడ్డుపెట్టి అన్నీ వద్దంటోంది. చివరికి రెండు చెంచాల పప్పు, ఒక చెంచా పెరుగన్నం వేయించుకుంది. వేళ్ల కొసలతో కాస్త పప్పు తీసుకోవడం, మెత్తగా నమిలి మింగడం, కాసేపు ఆగడం, మళ్లీ ఇంకాస్త తీసుకోవడం. పంక్తి అంతా మజ్జిగలోకి వచ్చేసరికి ఆమె ఇంకా పప్పు దగ్గరే ఉంది.

పెళ్లికూతురి మేనత్త వచ్చి, "ఏమ్మా, మామీద అలిగావా? ఆకు ఖాళీగా ఉందే!" అంది.

"అయ్యో, లేదండీ అత్తయ్యగారూ, కడుపు నిండిపోయింది" అంది వదిన. నిజమే చెప్పింది. ఎనిమిది నెలల కిందట డాక్టర్లు ఆమె జీర్ణాశయంలో ముప్పాతిక వంతుకు పైగా తీసేశారు. అప్పుడామె బరువు 112 కిలోలు. ఇప్పుడు 81.

ఆ పెళ్లిలోనే అరడజను మంది ఆమెను పక్కకు పిలిచి అడిగారు. ఎంత ఖర్చయింది? ఎన్నాళ్లలో తగ్గావు? నొప్పి ఉంటుందా? తిరిగి వస్తుంటే కారులో వదిన అన్న మాట ఇది: "అన్నీ అడిగారు గానీ, ఇప్పుడేం తింటున్నావని ఒక్కరూ అడగలేదు." బేరియాట్రిక్ సర్జరీ అనే ఈ ఆపరేషన్ గురించి ఆలోచించేవారు అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న అదే.

తిండిపోతుతనం కాదు, జబ్బు

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం మహిళలు, 31.1 శాతం పురుషులు ఉండాల్సిన బరువు కన్నా ఎక్కువ ఉన్నారు. తెలంగాణలో మహిళలు 30.1 శాతం, పురుషులు 32.3 శాతం. దేశం మొత్తమ్మీద తీసుకుంటే మహిళల్లో 24 శాతమే. అంటే ఈ విషయంలో మనం దేశం కన్నా చాలా ముందున్నాం.

వీరిలో చాలామంది వినీ వినీ విసిగిపోయిన మాట ఒకటుంది: "నోరు కట్టుకోలేవా?" కట్టుకున్నవారే ఎక్కువ. రాత్రిళ్లు అన్నం మానేస్తారు, పొద్దున్నే నడుస్తారు, ఎనిమిది కిలోలు తగ్గి పది కిలోలు పెరుగుతారు. అది వారి బలహీనత కాదు. బరువు తగ్గడం మొదలవగానే శరీరం దాన్ని కరవుగా లెక్కేసుకుంటుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్‌ను పెంచుతుంది, శక్తి ఖర్చును తగ్గించుకుంటుంది. ఈ హార్మోన్‌ను జపాన్ శాస్త్రవేత్తలు 1999లో కనుగొన్నారు. అది ప్రధానంగా తయారయ్యేది జీర్ణాశయం పైభాగంలోనే. స్థూలకాయానికి పొట్ట మీద ఆపరేషన్ ఎందుకు పనిచేస్తుందో అర్థంచేసుకోవడానికి ఇదొక తాళంచెవి.

ఎవరికి అవసరం?

బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో తీసుకుని, ఆ ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. ఐదడుగుల రెండంగుళాల మనిషి 87 కిలోలుంటే బీఎంఐ 35. 99 కిలోలుంటే 40.

1991లో అమెరికా నిపుణులు గీసిన గీత ప్రకారం బీఎంఐ 40 దాటినవారికి, లేదా 35 దాటి మధుమేహం, గుండెజబ్బు వంటివి ఉన్నవారికే ఈ ఆపరేషన్. మూడు దశాబ్దాలు అదే నడిచింది. 2022లో బేరియాట్రిక్ సర్జన్ల అమెరికన్, అంతర్జాతీయ సంఘాలు దాన్ని సవరించాయి. ఇతర జబ్బులున్నా లేకున్నా 35 దాటితే ఆపరేషన్‌ను సూచించవచ్చని, 30 దాటి మధుమేహం వంటివి ఉంటే పరిశీలించవచ్చని చెప్పాయి. ఆసియా ప్రజల విషయంలో ఆపరేషన్‌ను సూచించే గీతను 27.5 దగ్గరికి తెచ్చాయి. మనవాళ్లకు కొవ్వు పొట్ట చుట్టూ, కాలేయంలో చేరుతుంది. తక్కువ బరువుకే చక్కెర జబ్బు వస్తుంది. అందుకే ఈ తేడా. అలాగని 27.5 దాటిన ప్రతి ఒక్కరూ ఆపరేషన్ బల్ల ఎక్కాలని కాదు. ఆహారం, వ్యాయామం, మందులు సక్రమంగా ప్రయత్నించాకే ఈ మాట.

గర్భిణులు, మద్యం లేదా మత్తుమందుల వ్యసనంలో ఉన్నవారు, తీవ్రమైన మానసిక సమస్యకు చికిత్స తీసుకోనివారు ఇప్పట్లో దీనికి తగరు. బరువు వెనక హార్మోన్ల జబ్బు ఉంటే ముందు దానికి వైద్యం చేయాలి.

ఇంకో పొరపాటు కూడా తొలగాలి. 2015 జూన్‌లో నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో చనిపోయినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని వార్తలు వచ్చాయి. అప్పట్నుంచి మన ఇళ్లలో లైపోసక్షన్, బేరియాట్రిక్ అన్న రెండు మాటలూ కలగలిసిపోయాయి. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును పీల్చి ఆకృతి దిద్దే చికిత్స. స్థూలకాయానికి అది మందు కాదు. బేరియాట్రిక్ సర్జరీ జీర్ణవ్యవస్థ మీద చేసేది, జబ్బు కోసం చేసేది. అందం కోసమైతే దీని జోలికి వెళ్లకూడదు.

లోపల ఏం చేస్తారు?

పుండు వల్ల జీర్ణాశయంలో కొంత తీసేయించుకున్నవారు సన్నబడి అలాగే ఉండిపోవడాన్ని అమెరికాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ గమనించాడు. ఆ గమనింపు నుంచే 1966లో గ్యాస్ట్రిక్ బైపాస్ పుట్టింది. ఇప్పుడీ రకం ఆపరేషన్లన్నీ కడుపు మీద నాలుగైదు చిన్న రంధ్రాలతో, లాప్రోస్కోపీ పద్ధతిలోనే ఎక్కువగా చేస్తున్నారు.

స్లీవ్ అనే పద్ధతిలో జీర్ణాశయాన్ని స్టేప్లర్‌తో నిలువుగా కోసి, 75-80 శాతం తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో, చిన్న టీ గ్లాసంత పట్టే గొట్టం. గ్రెలిన్ తయారయ్యే పైభాగం చాలావరకు పోతుంది కాబట్టి ఆకలి కూడా తగ్గుతుంది. తీసేసింది తిరిగి పెట్టలేరు. ఛాతీలో మంట, పులితేన్పులు ముందునుంచే ఎక్కువగా ఉన్నవారికి స్లీవ్ తర్వాత అవి ముదిరే అవకాశం ఉంది.

బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన రెండు టేబుల్‌స్పూన్లంత పట్టే చిన్న సంచి చేసి, చిన్నపేగును కోసి దానికి కలుపుతారు. ఆహారం మిగతా జీర్ణాశయాన్ని, చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పించుకుని పోతుంది. చాలాకాలంగా మధుమేహం ఉన్నవారికి, పులితేన్పుల బాధ ఉన్నవారికి డాక్టర్లు దీనివైపు మొగ్గుతారు. విటమిన్ల లోపం ముప్పు స్లీవ్ కన్నా ఎక్కువ. మినీ బైపాస్ దీనికే సులువైన రూపం.

బరువు ఇంకా తగ్గకముందే, కొన్ని రోజుల్లోనే కొందరికి చక్కెర స్థాయులు దిగొస్తాయి. పేగు హార్మోన్లలో వచ్చే మార్పే కారణం. అందుకే ఇన్సులిన్, షుగర్ మాత్రల మోతాదు డాక్టర్ పర్యవేక్షణలో వెంటనే సరిచూసుకోవాలి. లేకపోతే చక్కెర మరీ పడిపోతుంది. మధుమేహం వచ్చి ఎక్కువ కాలం కాని వారికి ఫలితం బాగుంటుంది. కొన్నేళ్లకు కొందరికి అది తిరిగి రావచ్చు కూడా.

ముందు చేయాల్సిన పని

మంచి ఆసుపత్రి రేపే రమ్మనదు. ఎండోస్కోపీ, కడుపు స్కానింగ్, గుండె, థైరాయిడ్ పరీక్షలు, రక్తంలో ఐరన్, బీ12, విటమిన్ డి చూస్తుంది. గురక పెట్టేవారికి నిద్ర పరీక్ష చేయిస్తుంది. డైటీషియన్‌తో, మానసిక నిపుణులతో మాట్లాడిస్తుంది. మానసిక నిపుణులు ఎందుకని కొందరు చిన్నబుచ్చుకుంటారు. బాధ కలిగినప్పుడు తిండిలో ఓదార్పు వెతుక్కునే మనిషికి, ఆపరేషన్ తర్వాత ఆ దారి మూసుకుపోతుంది. ఆ ముందుచూపు కోసమే వారు.

ఆపరేషన్‌కు ముందు దాదాపు రెండు వారాలు తక్కువ క్యాలరీల ఆహారం ఇస్తారు. ఉబ్బిన కాలేయం కుదించుకుపోతేనే సర్జన్‌కు లోపల చోటు దొరుకుతుంది. సిగరెట్ మానేయాలి, మళ్లీ ముట్టకూడదు.

ఆ మూడు రోజులు

ఆపరేషన్ ఒకటి రెండు గంటలు. అదే రోజు సాయంత్రం మంచం దిగి నడిపిస్తారు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా. సాధారణంగా రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతారు. అనుభవమున్న కేంద్రాల్లో ప్రాణాపాయం వెయ్యిలో ఒకరికి దరిదాపుల్లో ఉంటుంది, పిత్తాశయం ఆపరేషన్‌తో పోల్చదగ్గంత. అయినా ముప్పు సున్నా కాదు. కుట్టు దగ్గర లీకేజీ, రక్తస్రావం, ఊపిరితిత్తుల్లోకి రక్తపు గడ్డ చేరడం అన్నిటికంటే ప్రమాదకరం. ఇంటికొచ్చాక నాడి వేగంగా కొట్టుకుంటున్నా, జ్వరం, తీవ్రమైన కడుపునొప్పి, ఆయాసం, పిక్కలో వాపు కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడేం తింటున్నావు?

ఇక వదినను ఎవరూ అడగని ప్రశ్న దగ్గరికి వద్దాం. మొదటి రెండు వారాలు పప్పుకట్టు, పలచని మజ్జిగ, వడకట్టిన సూపు, ప్రొటీన్ పొడి కలిపిన పాలు. అదీ గుక్కలుగా. ఆ తర్వాత రెండు వారాలు మెత్తగా రుబ్బినవి. ఆపైన ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, పెరుగు. నెలన్నర, రెండు నెలలకు గానీ మామూలు తిండి దగ్గరికి రారు.

రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలి. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. మన భోజనం అన్నంతో మొదలై అన్నంతోనే ముగుస్తుంది. వారిది తిరగబడుతుంది. ముందు గుడ్డు, చేప, పప్పు, పనీర్. చోటు మిగిలితేనే అన్నం. తింటూ నీళ్లు తాగకూడదు. తిన్నాక అరగంట ఆగాలి. వదిన ఇంట్లో గడియారం ఎదురుగా ఓ చిన్న స్టీలు గిన్నె ఉంటుంది, ఊరగాయ వేసుకునేంత. అది ఖాళీ చేయడానికి ఆమెకు ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. తొందరపడితే గుండెల దగ్గర రాయి పెట్టినట్టుంటుంది, లేదంటే వాంతి. బైపాస్ అయినవారు అరిసో, జిలేబీయో తింటే కాసేపట్లోనే చెమటలు, గుండెదడ, విరేచనాలు పట్టుకోవచ్చు. డాక్టర్లు దాన్ని డంపింగ్ అంటారు.

మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు రాలుతుంది. వదిన దువ్వెన చూసి ఏడ్చిన రోజులున్నాయి. పోషకాలు సరిగా అందితే మళ్లీ వస్తుంది. వేగంగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు. చర్మం వదులవుతుంది.

విటమిన్, ఐరన్, కాల్షియం, బీ12 జీవితాంతం. ఒంట్లో బాగుందని మానేసినవారే కొన్నేళ్లకు రక్తహీనతతో, కాళ్ల తిమ్మిర్లతో తిరిగొస్తారు. రోజుల తరబడి వాంతులు ఆగకపోతే విటమిన్ బీ1 అడుగంటి మెదడుకే దెబ్బ తగలవచ్చు. దాన్ని మామూలు అజీర్తి అనుకోవద్దు. బైపాస్ అయినవారు నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు, పుండు పడుతుంది. మద్యం చాలా త్వరగా తలకెక్కుతుంది, వ్యసనంగా మారే ముప్పూ ఎక్కువే.

ఆడవాళ్లకు ఇంకో మాట. బరువు తగ్గగానే గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం వాయిదా వేసుకోవాలి. గర్భనిరోధక మాత్రలు ఒంటికి పట్టకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి డాక్టర్‌ను అడగాలి.

ఎంత తగ్గుతారు, ఎంత నిలుస్తుంది?

చాలామంది ఏడాది, ఏడాదిన్నరలో ఉన్న బరువులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గుతారు. ఆ తర్వాత కొంత తిరిగి రావడం సహజం. చిరుతిళ్లు, తీపి పానీయాలు చిన్న పొట్టలోంచి కూడా జారిపోతాయి. అలవాటు మారకపోతే పెరుగుదల అక్కడే మొదలవుతుంది.

స్వీడన్‌లో 1987లో మొదలై నాలుగు వేల మందికి పైగా స్థూలకాయుల్ని దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనం 2020లో ఒక లెక్క చెప్పింది. ఆపరేషన్ చేయించుకున్నవారు చేయించుకోని స్థూలకాయుల కన్నా సుమారు మూడేళ్లు ఎక్కువ బతికారు. అయినా సాధారణ జనం ఆయుష్షును అందుకోలేకపోయారు. ఆశకూ హద్దుకూ ఈ ఒక్క లెక్క చాలు.

2025లో మౌంజారో, వెగోవీ ఇంజక్షన్లు మన మార్కెట్లోకి వచ్చాయి. బరువు బాగానే తగ్గిస్తాయి. ఆపితే చాలామందిలో తిరిగి పెరుగుతుంది. ఆపరేషనా, ఇంజక్షనా అన్నది బీఎంఐ, జబ్బులు, వయసు, స్తోమత చూసి డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి.

బీమా గీత వేరు

ప్రైవేటులో ఖర్చు లక్షల్లోనే. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన నిబంధనల ప్రకారం బీమా వర్తించాలంటే 18 ఏళ్లు నిండాలి, డాక్టర్ సలహా ఉండాలి, ఇతర మార్గాలు విఫలమై ఉండాలి. బీఎంఐ 40 ఉండాలి. లేదా 35తోపాటు గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే సమస్య), అదుపులేని టైప్-2 మధుమేహం వంటిది ఉండాలి. డాక్టర్ అర్హులన్నా బీమా కంపెనీ కాదనవచ్చన్నమాట. పాలసీలో వెయిటింగ్ పీరియడ్ చదివి, ముందస్తు అనుమతి తీసుకున్నాకే తేదీ ఖాయం చేసుకోండి.

సర్జన్‌ను ఇవి అడగండి: ఈ ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? నాకు ఇదే ఎందుకు? తేడా వస్తే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? ఐదేళ్ల తర్వాత కూడా నన్ను చూసే డైటీషియన్ మీ దగ్గర ఉన్నారా? చివరి ప్రశ్నకు జవాబు తడబడితే ఇంకో ఆసుపత్రి చూసుకోండి.

ఇంటివారికీ ఒక విన్నపం. ఆపరేషన్ జరిగేది ఒక్కరికే అయినా వంటిల్లు మొత్తం మారాలి. ఆకు మీద చెయ్యి అడ్డుపెట్టినవారికి కొసరి వడ్డించకండి. అలిగారనుకోకండి. ఆ చిన్న గిన్నె ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చోండి, పంక్తిలోంచి ముందే లేచిపోకండి.