నిండిన డిస్కు మందగించుట

నిండుకుండ తొణకదని సామెత. కంప్యూటరు డిస్కునకు ఈ సామెత చెల్లదు. నూటికి తొంబదియైదు పాళ్లు నిండినను ఇంక ఐదు పాళ్లు చోటు మిగిలియుండును గదా, మరి వ్రాతపని ఏల కుంటుపడవలెను?

డిస్కుపై సమాచారమును బ్లాకులను చిన్న గళ్లలో వ్రాయుదురు. ఒక్కొక్క గడి సాధారణముగా 4096 బైట్లు పట్టును. పూర్వము గ్రామకరణము భూముల లెక్క వ్రాసినట్లు, ఏ గడి ఖాళీయో, ఏది ఎవరిదో ఫైల్ సిస్టమ్ వ్రాసి యుంచును. క్రొత్త ఫైలునకు వరుసగా నున్న గళ్లను చూపుట దాని నేర్పు.

పది యెకరములు ఒకేచోట నున్న రైతు సాలు వెంట సాలు దున్నుకొని పోవును. ఆ పది యెకరములే నాలుగూళ్ల పొలిమేరలలో చెక్కలు చెక్కలుగా నున్నచో, నడచుటకే ప్రొద్దు చాలదు. నిండవచ్చిన డిస్కున జరుగునదియు నిదియే. పాత ఫైళ్లు తొలగింపగా మిగిలిన గళ్లు చెల్లాచెదరుగా నుండును. వానిని వెదకి, ఫైలును ముక్కలు చేసి, వానిలో నింపవలెను.

తిరుగు పళ్లెములు గల హార్డు డిస్కున ఈ బాధ మెండు. నిమిషమునకు 7200 సార్లు తిరుగు పళ్లెమునకు ఒక చుట్టు సుమారు 8.3 మిల్లీసెకన్లు. ముక్క మారినపుడెల్ల, కావలసిన గడి వ్రాయు మొన క్రిందికి వచ్చుటకు సగటున అరచుట్టు ఆగవలెను. వేయి ముక్కలైనచో ఆగుటకే నాలుగు సెకన్లు చెల్లును. మొన అటునిటు కదలుటకు పట్టు కాలము వేరు.

అమెరికాలోని బర్క్లీలో మెక్‌కుసిక్, జాయ్, లెఫ్లర్, ఫాబ్రీ అను నలుగురు యూనిక్స్‌కు క్రొత్త ఫైల్ సిస్టమ్ నిర్మించి 1984లో దాని వివరములు ప్రకటించిరి. పాత పద్ధతిలో సెకనుకు 175 కిలోబైట్ల వరకు నుండిన వేగము కొలది వారముల వాడుకలోనే 30కి దిగజారెనని వారు చూపిరి. తమ పద్ధతిలోను ఖాళీ బొత్తిగా లేకున్నచో వేగము సగమగునని దాచక చెప్పిరి. కనుకనే పదవవంతు చోటును సాధారణ వాడుకదారులకు ఈయక నిలువ యుంచిరి. నేటి లినక్సులోని ఎక్స్‌ట్4 కూడ మామూలుగా ఐదు పాళ్లు నిలువ యుంచును. ఇది దండుగ యనువారు కలరు. గట్టువద్ద అరక మళ్లించుకొనుటకు విడిచిన చోటును రైతు దండుగ యనడు.

ఫోనులలోని నిలువలో తిరుగు పళ్లెములు లేవు. అయినను చిక్కు తప్పలేదు. వ్రాసిన పుటపై మరల వ్రాయవలెనన్న ముందుగా చెరపవలెను. ఒక్క పుటను చెరపుటకు వీలులేదు, అనేక పుటలు గల పలకనంతటిని చెరపవలెను. పలకపై కావలసినవి మిగిలియున్నచో వానిని మొదట వేరొక పలకకు ఎత్తి వ్రాయవలెను. ఖాళీ పలకలు అరుదైనకొలది ఈ ఎత్తివ్రాత హెచ్చి, ఒక్క వ్రాతకు పలు వ్రాతలగును. వీడియో తీయుచున్నపుడు దృశ్యములు ఆగక వచ్చుచుండును. వ్రాత వానిని అందుకొనలేనిచో కొన్ని జారిపోవును, అవి మరల దొరకవు. అందుచేతనే తయారుచేయువారు కొంత చోటును వాడువారి లెక్కకు చూపక, ఈ ఎత్తివ్రాతకై లోపలనే విడిచి యుంచుదురు.